మొహమాటపు యుద్ధాలు

మీ ప్రశ్న – నా జవాబు

గత సంచికలో స్పెయిన్ గురించి నాలుగు వాక్యాలు రాశాను. 2004లో అక్కడ కొత్త ప్రధానమంత్రి ప్రమాణ స్వీకారం చేసిన మరునాడే ఇరాక్ నుంచి తమ సైన్యాన్ని వెనక్కి పిలిచారని, దాంతో అమెరికాతో ఆ దేశానికి చాలాకాలం ముఖం చెల్లలేదని వాటి సారాంశం. ఆ నాలుగు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి జాగా అంతా వాటికే ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని ఇద్దరు ముగ్గురు కోరారు కాబట్టి అందరివీ వదిలేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

శ్రీకాళహస్తి నుంచి డిగ్రీ విద్యార్థి: సార్, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, టర్కీ, ఇవన్నీ దశాబ్దాలుగా నాటో అనే ఒకే సైనిక కూటమి కదా. ఇరాక్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు చెడింది? మా నోట్సులో అభిప్రాయభేదాలు వచ్చాయని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

బాబూ, ఆ ఒక్క ముక్కలో రెండు వేర్వేరు తగాదాలు ఉన్నాయి. మొదటిది యుద్ధానికి ముందు వచ్చింది, రెండోది ఆక్రమణ మొదలయ్యాక. మొదటిది పత్రికల్లో పెద్దగా కనిపించింది కానీ, లోతుగా దిగింది రెండోదే.

మొదటిది తొందరగా చెప్పేస్తాను. 2002 నవంబరులో భద్రతామండలి 1441వ తీర్మానాన్ని పదిహేనుకు పదిహేను ఓట్లతో ఆమోదించింది. ఆయుధ తనిఖీలకు సహకరించకపోతే ఇరాక్ తీవ్ర పరిణామాలు ఎదుర్కోవలసి వస్తుందని అందులో ఉంది. తీవ్ర పరిణామాలంటే యుద్ధమేనని అమెరికా, బ్రిటన్ చెప్పాయి. యుద్ధమైతే మళ్లీ మండలి ముందుకు రావలసిందేనని ఫ్రాన్స్, రష్యా, జర్మనీ పట్టుబట్టాయి. రెండో తీర్మానానికి ఓట్లు పడవని తేలాక దాన్ని పక్కన పెట్టేసి, 2003 మార్చి 20న దాడి మొదలుపెట్టారు. ఏ ఆయుధాల కోసం వెళ్లారో అవి దొరకలేదు.

ఇక్కడ టర్కీ సంగతి నువ్వు తప్పక తెలుసుకోవాలి. ఉత్తరం వైపు నుంచి ఇరాక్‌లోకి దిగడానికి 62 వేల మంది అమెరికా సైనికులకు తమ గడ్డమీద చోటు ఇవ్వాలా వద్దా అని 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటులో ఓటింగ్ జరిగింది. ప్రభుత్వం ఇద్దామంది. వేల కోట్ల డాలర్ల సాయం బేరం మీద ఉంది. అమెరికా ఓడలు సామగ్రితో తీరం దగ్గర ఎదురుచూస్తున్నాయి. అనుకూలంగా 264 ఓట్లు, వ్యతిరేకంగా 250 వచ్చాయి. గెలిచినట్టే కనిపిస్తుంది కదా? కానీ 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైనవారిలో సగానికి మించి ఓట్లు రావాలన్నది అక్కడి నియమం. మూడు ఓట్లు తక్కువయ్యాయి. ఆ మూడు ఓట్లతో ఒక పెద్దన్న యుద్ధ పథకమే మారిపోయింది. నేను తరగతిలో ఈ అంకెలను బోర్డు మీద రాసి, ముందు మీరే లెక్క కట్టండి అనేవాణ్ని. పార్లమెంటు అంటే ఏమిటో చెప్పడానికి దీన్ని మించిన పాఠం నాకు దొరకలేదు.

ఇక రెండో తగాదా. కాదనలేక వెళ్లిన దేశాలున్నాయి చూడు, వాటి కథ అది. మనకు 'మొహమాటం' అని ఒక మాట ఉంది. మనసులో వద్దని ఉన్నా ఎదుటివాడి ముఖం చూసి సరేననడం. 2003లో చాలా ప్రభుత్వాలు అలా సరేనన్నాయి. రేపు నాటోలో చేరాలని కొందరు, ఉత్తర కొరియా మీదికి వస్తే ఎవరు కాపాడతారని ఇంకొకరు, వ్యాపారం పోతుందేమోనని మరొకరు. వాళ్ల ప్రజలు మాత్రం సరేనని అనలేదు. స్పెయిన్‌లో పదిమందిలో తొమ్మిది మంది ఆ యుద్ధం వద్దన్నారు. అయినా వారి ప్రధానమంత్రి అస్నార్, దాడికి నాలుగు రోజుల ముందు అజోర్స్ దీవుల్లో అమెరికా అధ్యక్షుడు బుష్, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ పక్కన నిలబడి ఫొటో దిగారు.

తర్వాత ఏమైందో చూడు. 2004 మార్చి 11న ఉదయం ఆఫీసులకు వెళ్లేవేళ మాడ్రిడ్ లోకల్ రైళ్లలో బాంబులు పేలి 191 మంది చనిపోయారు. చేసింది ఈటా అనే బాస్క్ వేర్పాటువాదులని ప్రభుత్వం గట్టిగా చెప్పింది. ఆధారాలు ఇంకో వైపు చూపిస్తుంటే కూడా అదే మాట మీద ఉంది. మూడు రోజుల తర్వాత ఎన్నికలు. జనం ప్రభుత్వాన్ని దించేశారు. కొత్తగా వచ్చిన జపాతేరో ఏప్రిల్ 18న సైన్యాన్ని వెనక్కి పిలిచారు. సుమారు 1,300 మంది మే నెల గడిచేలోపు ఇంటికి చేరారు. హోండురస్, డొమినికన్ రిపబ్లిక్ వెంటనే అదే దారి పట్టాయి. బాంబులకు లొంగిపోయారని అప్పట్లో చాలామంది ఎత్తిపొడిచారు. ఆ మాట నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోచింది. ఐక్యరాజ్యసమితి చేతికి బాధ్యత రాకపోతే సైన్యాన్ని వెనక్కి తెస్తానని జపాతేరో ఆ బాంబులు పేలడానికి ముందే, ఎన్నికల వాగ్దానంగానే చెప్పారు.

జపాన్ తీరు ఇంకో రకం. వారి రాజ్యాంగం తొమ్మిదో అధికరణం యుద్ధాన్ని పరిహరించింది. అమెరికా మాట తీసేయలేక సుమారు 600 మందిని దక్షిణ ఇరాక్‌లోని సమావాకు పంపారు. నీళ్లు శుద్ధి చేయడం, బడులు బాగుచేయడం వాళ్ల పని. ఆత్మరక్షణకు తప్ప తుపాకీ ఎత్తకూడదు. మరి వాళ్లకు కాపలా ఎవరు? అక్కడున్న డచ్చి సైనికులు. 2005లో డచ్చివారు వెళ్లిపోతే ఆ కాపలా కోసం ఆస్ట్రేలియా 450 మందిని అదనంగా పంపవలసి వచ్చింది. ఒక దేశపు మొహమాటం తీర్చడానికి ఇంకో దేశం పిల్లలు ఎండలో నిలబడ్డారు.

నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇటలీ సంగతి. అప్పటికే 2003 నవంబరు 12న నాసిరియాలో వారి స్థావరం మీద జరిగిన దాడిలో 19 మంది ఇటాలియన్లు పోయారు. ఇక 2005 మార్చి 4 రాత్రి. కిడ్నాప్ అయిన పత్రికా విలేకరి జూలియానా స్గ్రేనాను విడిపించి, ఇటలీ గూఢచారి అధికారి నికోలా కలీపారి బాగ్దాద్ విమానాశ్రయానికి కారులో తీసుకెళ్తున్నారు. దారిలో అమెరికా సైనికుల తనిఖీ కేంద్రం. అక్కడి నుంచి కాల్పులు జరిగాయి. ఆమెకు అడ్డుపడిన కలీపారి అక్కడికక్కడే చనిపోయారు. శత్రువు చేతిలో కాదు, మిత్రుడి చేతిలో. రెండు దేశాలూ కలిసి విచారణ జరుపుతామన్నాయి. ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. చివరకు రెండు వేర్వేరు నివేదికలు ఇచ్చారు. కారు వేగంగా వచ్చింది, హెచ్చరికలను ఖాతరు చేయలేదు, మా సైనికుల తప్పు లేదు అని అమెరికా నివేదిక. హెచ్చరిక బోర్డు కూడా సరిగ్గా పెట్టలేదని ఇటలీ నివేదిక. అమెరికా నివేదికలో నల్లరంగు పూసి దాచిన పేర్లు, వివరాలు కంప్యూటర్‌లో కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే బయటపడ్డాయి. ఆ తర్వాత ఇటలీ తన సైన్యాన్ని విడతలు విడతలుగా తగ్గించి, 2006 డిసెంబరుకు అంతా వెనక్కి తెచ్చుకుంది.

ఒకే చావుకు రెండు నివేదికలు. అభిప్రాయభేదాలు అన్న ముక్క పక్కన ఇది కూడా నోట్సులో రాసుకో.

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు: ఆ యుద్ధానికి మన దేశాన్ని పిలిచారా? పిలిస్తే ఏమన్నాం?

పిలిచారండి. 2003 వేసవిలో అమెరికా గట్టిగా అడిగింది. ఒక పూర్తి డివిజన్, అంటే సుమారు 17 వేల మంది. పంపితే మంచిదని ఢిల్లీలో వాదించిన పెద్దలూ ఉన్నారు. అమెరికాతో కొత్తగా చిగురిస్తున్న స్నేహం, ఆ తర్వాత వచ్చే కాంట్రాక్టులు, అన్నీ లెక్కలోకి వచ్చాయి. చివరికి జూలై 14న వాజపేయి ప్రభుత్వం తేల్చి చెప్పింది. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేం అని.

దానికి ముందు ఏప్రిల్‌లో లోక్‌సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. దాని మాటల దగ్గర ఒక ముచ్చట ఉంది. హిందీ ప్రతిలో 'నిందా' అని వాడారు. ఖండించడం అని దాని అర్థం. ఇంగ్లీషు ప్రతిలో అంతకంటే మెత్తనిది, విచారం కలిసిన 'డిప్లోర్' అనే మాట వేశారు. ప్రతిపక్షం గట్టి మాట కావాలంది, ప్రభుత్వం స్నేహం చెడని మాట కావాలంది, రెండు భాషలుంటే రెండూ కుదిరాయి. మన తెలుగులో 'నింద' అంటే మళ్లీ వేరే, లేని తప్పు మోపడం. ఆ హిందీ మాటను అలాగే ఎత్తి తెలుగులో పెడితే అర్థం తలకిందులైపోయేది.

మాటలు ఎలా కుదిర్చినా, సైన్యాన్ని పంపలేదు. నేను వాజపేయిగారి పార్టీ మనిషిని కాను. ఆ నిర్ణయానికి మాత్రం ఈనాటికీ నమస్కరిస్తాను.

పీలేరు నుంచి ఒక సోదరి: సార్, మా అన్న 2003 చివర్లో కువైట్‌కు వంట పనికి వెళ్లాడు. రెండు నెలలకు ఫోను చేసి ఇరాక్‌లో ఉన్నానన్నాడు. అమెరికా సైనికుల క్యాంపులో వంట. ఏడాదిన్నర ఉండి వచ్చి ఇల్లు కట్టాడు, నా పెళ్లి చేశాడు. మొన్న మా అబ్బాయి మీ కాలమ్ చదివి, మన దేశం ఆ యుద్ధానికి వెళ్లలేదట కదా, మామ ఎందుకు వెళ్లాడు అని అన్నం తింటూ అడిగాడు. అన్న చెయ్యి కడుక్కొని బయటికి వెళ్లిపోయాడు. పిల్లవాడికి నేనేం చెప్పాలి?

అమ్మా, మీ ఉత్తరం నాలుగు రోజులు నా దిండు కింద ఉంది. పీలేరు కళాశాలలో నేను చరిత్ర చెప్పాను. పీలేరు, కలికిరి, వాల్మీకిపురం, అటు రాయచోటి, రాజంపేట, కువైట్‌కు మనిషిని పంపని వీధి ఆ చుట్టుపక్కల లేదు. మీ అన్న లాంటి పిల్లవాడు ఒకడు నాకూ ఉన్నాడు. నా విద్యార్థి. ఇంటర్ తప్పాడు, వంట మాత్రం చేయి తిరిగినవాడు.

2003 దసరా తర్వాత ఒక సాయంత్రం వాడు ఒప్పంద కాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది సార్, ఒకసారి చదివి చెప్పండి అన్నాడు. జెరాక్సుకు జెరాక్సు తీసిన పల్చటి కాగితం. జీతం, పని గంటలు, తిండి, వసతి. ఏజెంటు ఊదారంగు ముద్ర ఒకటి అడ్డంగా పడి ఉంది. ముద్ర కింద సగం కనిపించే ఒక వరుస: పనిచేసే చోటు కువైట్, లేదా కంపెనీ నిర్ణయించే మరే ఇతర ప్రదేశమైనా. ముద్రను వెలుతురుకు పట్టి ఆ వరుస చదివాను. వాడికి తెలుగులో చెప్పాను. వాడు తల ఊపాడు. ఆ మరే ఇతర ప్రదేశం ఏదై ఉంటుందని నేను ఒక్క క్షణం ఆలోచించలేదమ్మా. ఆ రోజుల్లో నేను వారానికి రెండు మూడుసార్లు తరగతిలో ఇరాక్ మ్యాపు గీస్తున్నవాణ్ని. కువైట్‌కు, బస్రాకు మధ్య దూరం సుద్దముక్కతో కొలిచి చూపిస్తున్నవాణ్ని.

సంక్రాంతికి వాళ్ల అమ్మ ఒక ఫొటో తెచ్చి చూపించింది. తెల్ల టోపీ, తెల్ల కోటు, చేతుల్లో ముప్పై గుడ్ల అట్ట, మెడలో గుర్తింపు కార్డు. వెనక బూడిదరంగు సిమెంటు పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వాడికి రెండింతల ఎత్తు. ఆమె గుడ్లను చూడలేదు, టోపీని చూడలేదు. సార్, వంటింటికి ఇంత ఎత్తు గోడ ఎందుకు అని అడిగింది. ఎండ తగలకుండా కట్టి ఉంటారమ్మా అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. ఆమెకూ తెలుసనుకుంటాను. ఫొటోను చీర కొంగులో చుట్టుకొని వెళ్లిపోయింది.

ఇప్పుడు మీ అబ్బాయికి చెప్పవలసింది. అమెరికా సైన్యానికి వంట, బట్టలు ఉతకడం, సరుకుల రవాణా, మరుగుదొడ్లు కడగడం, ఇరాక్‌లో ఇవన్నీ చాలావరకు సైనికులు చేయలేదు. ఆ పని మొత్తం ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్టు. ఆ కంపెనీ గల్ఫ్‌లోని చిన్న కంపెనీలకు పంచుతుంది. అవి మనుషుల కోసం మన దేశానికీ, నేపాల్‌కూ, ఫిలిప్పీన్స్‌కూ ఏజెంట్లను పంపుతాయి. ఆ ఏజెంటు చివరికి పీలేరు బస్టాండు దగ్గర టీ తాగుతూ కనిపిస్తాడు. అమెరికావాడూ కాక, ఇరాక్‌వాడూ కాక అక్కడ పనిచేసే ప్రతివాడికీ సైన్యం లెక్కల్లో ఒక పేరుంది: మూడో దేశం మనిషి. పొడి అక్షరాల్లో టీసీఎన్. మిత్రదేశాలు ఒక్కొక్కటే సైనికులను తగ్గించుకుంటూ పోయాయి, కూలి మనుషులు మాత్రం పెరుగుతూ పోయారు. 2008 నాటికి అమెరికా సైనికులు ఎంతమందో, కాంట్రాక్టు మనుషులు దాదాపు అంతమంది.

ఆ మనుషుల కోసం ఏ దేశం ఏం చేసిందో కూడా వాడికి చెప్పండి. 2004 జూలైలో ఫిలిప్పీన్స్ ట్రక్కు డ్రైవరు ఒకరిని తీవ్రవాదులు పట్టుకున్నారు. మీ సైన్యాన్ని తీసుకుపోకపోతే చంపేస్తామన్నారు. అక్కడ ఆ దేశపు సైన్యం ఎంత? 51 మంది. అధ్యక్షురాలు అరోయో గడువుకంటే ముందే వాళ్లను వెనక్కి పిలిచారు. డ్రైవరు ప్రాణాలతో బయటపడ్డాడు. అమెరికా, ఆస్ట్రేలియా మండిపడ్డాయి. తీవ్రవాదులకు తప్పుడు సందేశం పంపారని గద్దించాయి. కానీ లక్షల మంది బిడ్డలు బయటి దేశాల్లో పనిచేసుకు బతికే దేశానికి ఏ ఇంట్లో వణుకు పుడుతుందో ఆవిడకు తెలుసు. నన్నడిగితే ఆవిడ చేసింది సరైన పని. కొన్ని వారాల ముందే దక్షిణ కొరియా అనువాదకుడు ఒకరిని ఇలాగే పట్టుకొని చంపేశారు. ఆ దేశం మాట మార్చలేదు, కొత్తగా మూడు వేల మందిని పంపింది. సియోల్ వీధుల్లో జనం కొవ్వొత్తులు పట్టుకొని నిలబడ్డారు.

అదే జూలైలో ముగ్గురు భారతీయ డ్రైవర్లను కూడా పట్టుకున్నారు. మనకు అక్కడ వెనక్కి పిలవడానికి ఒక్క సైనికుడూ లేడు. సెప్టెంబరు 1న వాళ్లు విడుదలయ్యేదాకా ఆరు వారాలు ఆ మూడు కుటుంబాలు నిద్ర లేకుండా గడిపాయి. మన ప్రభుత్వం పనికోసం ఇరాక్ వెళ్లడాన్ని నిషేధించింది. వారి విడుదలకు ఒక్కరోజు ముందే 12 మంది నేపాలీ కూలీలను చంపారన్న వార్త వచ్చింది. నేపాల్ ఆ యుద్ధానికి ఒక్క సైనికుణ్ని పంపలేదు. కాట్మండులో మనుషులను పంపే ఏజెన్సీల కార్యాలయాలను జనం తగలబెట్టారు.

మీ అన్న తప్పు చేశాడా అని మీరు అడగలేదు కానీ, ఉత్తరం అంతా అదే ఉంది. ఆయన చేసిన తప్పు నాకేమీ కనిపించలేదమ్మా. ఏ దేశంలో పనో సరిగ్గా చెప్పని కాగితం మీద సంతకం పెట్టించుకున్నవాళ్లది తప్పు. మీ అబ్బాయిని మామ పక్కన కూర్చోబెట్టండి. యుద్ధం గురించి అడగవద్దనండి. ఆ క్యాంపులో రోజూ పొద్దున ఎన్ని గంటలకు లేచేవాడివి, ఏం వండేవాడివి అని అడగమనండి. నా విద్యార్థి అలా అడిగితేనే మాట్లాడతాడు.

చంద్రగిరి నుంచి మాజీ హవల్దారు: సార్, అందరి సంగతీ రాస్తారు. 1987లో మేము జాఫ్నాలో ఉన్నాం. పిలిచినవాళ్లే పొమ్మన్నారు. దాన్ని గురించి ఎవరూ రాయరేం?

హవల్దారుగారూ, మీరు అడిగేదాకా రాయకపోవడం నా తప్పే. ఇరాక్ గురించి ఎంతైనా రాయగలం, అది మనది కాదు కాబట్టి.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. మరునాడే గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధానమంత్రిని శ్రీలంక నావికుడు ఒకడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ దెబ్బలోనే రాబోయేది అంతా కనిపించి ఉండాలి. తమిళులను కాపాడడానికి, శాంతి నిలపడానికి అని మిమ్మల్ని పంపారు. అక్టోబరుకల్లా మీరు ఆ తమిళ పులులతోనే యుద్ధం చేస్తున్నారు. సింహళులు మిమ్మల్ని ఆక్రమణదారులన్నారు. జాఫ్నా తమిళుల ఇళ్లల్లోనూ చావులు జరిగాయి, అక్కడివారూ అదే మాటన్నారు. వారి బాధ కూడా అబద్ధం కాదని మీకు నాకంటే బాగా తెలుసు. 1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస, రెండు నెలల్లోపు ఖాళీ చేయండి అని బహిరంగంగా చెప్పేశారు. అంతటితో ఆగక, మీ మీద పోరాడుతున్న పులులకు ఆయన ప్రభుత్వమే ఆయుధాలు ఇచ్చింది. మిత్రదేశమంటే ఇదీ. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలి రేవు నుంచి బయలుదేరింది. 1,100 మందికి పైగా మనవాళ్లు తిరిగి రాలేదు. మద్రాసు రేవులో స్వాగతం పలకడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి రేణిగుంట జంక్షన్‌లో గుంతకల్లు వైపు బండి కోసం కూర్చుని ఉన్నాను. మద్రాసు నుంచి సైనికుల బండి ఒకటి వచ్చి ఆగింది. ఒక జవాను దిగి కొళాయి దగ్గర ముఖం కడుక్కొని, సీసాలో నీళ్లు పట్టుకుంటూ, ఇది ఇంకా తమిళనాడేనా అని హిందీలో అడిగాడు. కాదు, ఆంధ్ర అన్నాను. తల ఊపి, సీసా మూత బిగించి, మళ్లీ బండి ఎక్కాడు. మీరేనేమో, నాకు తెలియదు. ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉండవలసింది, ఒక టీ అయినా ఇప్పించి ఉండవలసింది అని ఆ బండి కదిలాక అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో మీ సహచరుల స్మారకం ఉంది. వారిని పొమ్మన్న దేశమే తర్వాత దాన్ని కట్టింది. మీకు ఓపిక ఉంటే, మీ దళం సంగతి నాలుగు పేజీలు రాసి పంపండి. ఈ కాలమ్‌లో నా జవాబు తీసేసి అది వేస్తాను.

పుత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు: అఫ్గానిస్థాన్‌కు ఐక్యరాజ్యసమితి ఆమోదం ఉంది, నాటో మొత్తం వెళ్లింది. అక్కడ ఎందుకు బీటలు వారాయి?

సులభమైన ప్రశ్న కాదమ్మా. 2001 సెప్టెంబరు 12న నాటో తన చరిత్రలో మొదటిసారి అయిదో అధికరణాన్ని వాడింది. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అని. అంటే ఇక్కడ మొహమాటంతో కాదు, మనస్ఫూర్తిగా వెళ్లారు. కానీ వెళ్లింది ఏడాదికో రెండేళ్లకో అనుకున్నారు, ఇరవై ఏళ్లయింది. ఎవరు ఎక్కడ ఉండాలి, రాత్రిపూట బయటికి వెళ్లాలా వద్దా అని ప్రతి పార్లమెంటూ తన సైనికులకు తన షరతులు పెట్టింది. దక్షిణాన కాందహార్‌లో కెనడా పిల్లలు చనిపోతుంటే, ఉత్తరాన కొంత ప్రశాంతంగా ఉన్నవాళ్లు సాయానికి కదలలేదన్న కోపం మిగిలింది. కెనడా 158 మంది సైనికులను పోగొట్టుకుంది. ఉరుజ్‌గాన్‌లో గడువు పొడిగించమని నాటో అడిగినందుకు 2010 ఫిబ్రవరి 20న నెదర్లాండ్స్ ప్రభుత్వమే కూలిపోయింది. ఒక్క రాష్ట్రంలో సైన్యం ఉండాలా వద్దా అన్న దాని మీద వేల మైళ్ల దూరంలో ఒక మంత్రివర్గం పడిపోవడం, ఆలోచించండి.

చివరి గాయం 2020 ఫిబ్రవరి 29న దోహాలో తగిలింది. అమెరికా, తాలిబాన్ ఇద్దరే సంతకం చేశారు. అఫ్గాన్ ప్రభుత్వం ఆ ఒప్పందంలో పక్షమే కాదు, ఇరవై ఏళ్లు వెంట నడిచిన మిత్రులూ కాదు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయాక, ఖాళీ చేసే గడువును ఆగస్టు 31 దాటి కాస్త పొడిగించండి, మా మనుషులు ఇంకా అక్కడే ఉన్నారని బ్రిటన్ అడిగింది. అమెరికా కుదరదంది. పోరాడడానికి సైన్యాన్ని పంపకుండా మనం కట్టిన పార్లమెంటు భవనం, హెరాత్ దగ్గరి సల్మా ఆనకట్ట మాత్రం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉన్నాయి.

పలమనేరు నుంచి పదో తరగతి విద్యార్థిని: ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన దేశాల జాబితాలో కోస్టారికా ఉందని మా అన్నయ్య చెప్పాడు. ఆ దేశానికి సైన్యమే లేదట కదా. మరి ఎలా చేరింది?

మీ అన్నయ్య చెప్పింది నిజమేనమ్మా. కోస్టారికా 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకుంది, మరుసటి ఏడాది దాన్ని రాజ్యాంగంలోనూ రాసుకుంది. 2003లో వారి అధ్యక్షుడు నైతిక మద్దతు అంటూ తల ఊపేశారు. అమెరికా అధ్యక్ష భవనం జాబితాలో ఆ పేరు ఎక్కింది. తుపాకీ లేదు, సైనికుడు లేడు, పేరు మాత్రం ఉంది.

ఆ పేరు ఉండడానికి వీల్లేదని కోర్టుకు వెళ్లినవారిలో ఒకడు అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థి. శాంతిని కోరే మా రాజ్యాంగానికి ఇది విరుద్ధం అని వాదించాడు. 2004 సెప్టెంబరులో వారి రాజ్యాంగ ధర్మాసనం అతని పక్షాన తీర్పు చెప్పింది. మా పేరు తీసేయండి అని వారి ప్రభుత్వం అమెరికాను అడగవలసి వచ్చింది. తీసేశారు.

నీ అట్లాసులో మధ్య అమెరికా పేజీ తియ్యి. నికరాగువాకు కింద, పనామాకు పైన, వేలి గోరంత ఉంటుంది.